కాకినాడ పెరట్లో టేకు పందిరి: మేస్త్రి పనితనం గురించి

పెరట్లో చెక్క పందిరి వేయించుకోవాలనుకునేవారు ముందుగా టేకు ధర అడుగుతారు. నన్నడిగితే అంతకంటే ముందు అడగవలసినవి రెండున్నాయి. స్తంభం అడుగున ఏం పెడతారు? దూలాన్ని దానిమీద ఎలా కూర్చోబెడతారు? ఈ రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పిన కోనసీమ మేస్త్రి గారికే మా పని అప్పగించాం. తండ్రి కాలం నుంచి మండువా ఇళ్ల వడ్రంగం చేసిన కుటుంబం ఆయనది. పందిరి ఒక వానాకాలాన్ని, తుఫాను గాలులను చూసింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను.

అంతకుముందు వేరొకరు ఇనుప గొట్టాలకు చెక్క రంగు వేసి చవకగా బిగిస్తామన్నారు. సముద్రపు గాలికి మా వీధి గేట్లన్నీ వెల్డింగు దగ్గరే తుప్పు పడుతుంటే, నెత్తిమీద అదే ఇనుము పెట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు.

పందిరి 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. ఐదంగుళాల చదరపు స్తంభాలు నాలుగు, వాటిమీద తూర్పు పడమరలుగా రెండు దూలాలు, పైన 25 వాసాలు. అన్నీ కలిపి దాదాపు 25 ఘనపుటడుగుల కలప, కోతలో పోయేది కాక. కొత్త టేకు కాకుండా, కూల్చిన పెంకుటింటి దూలాలు కొనమని సలహా ఇచ్చింది మేస్త్రి గారే. పాత కలప ఏనాడో ఆరిపోయి ఉంటుంది. కొత్త కలపలా బిగించాక కుంచించుకుపోయి అతుకు వదులవదు. అడితిలో ప్రతి దూలానికీ కొస కోయించి చూశారు. అంచున పాలిపోయిన చెక్క ఉంటే పక్కన పెట్టించారు. చెదను, వానను తట్టుకునేది చేవే, అంటే మాను నడిమి గట్టి చెక్కే గాని, అంచున ఉండే తెల్లచెక్క కాదని ఆయన మాట. పాత మేకులన్నీ పీకించాకే రంపానికి ఎక్కించారు.

స్తంభాలను మట్టిలో పాతుదామని మా వారు అంటే మేస్త్రి గారు ఒప్పుకోలేదు. "అమ్మగారూ, మట్టిలో పాతితే నేల మట్టం దగ్గరే కుళ్లుతుంది. పైన ఎంత మంచి కలప పెట్టినా దండగే" అన్నారు. కాంక్రీటు దిమ్మెల్లో స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలు బిగించి, స్తంభాన్ని దిమ్మెకు అంగుళం ఎత్తున నిలిపి, అడ్డంగా బోల్టులు వేశారు. చెక్క నీటిని పీల్చేది కోసిన కొసల నుంచే కాబట్టి స్తంభాల అడుగులకు అవిసె నూనె తాగినంత తాగించారు. ఎంత వాన కురిసినా స్తంభం కింద నీళ్లు నిలవడం నేను చూడలేదు.

ఇక అతుకులు. పక్కన కూర్చుని చూసిన పని ఇది. స్తంభం తలను నాలుకలా చెక్కి, దూలంలో ఉలితో తొలిచిన బెజ్జంలోకి దించారు. రెంటికీ అడ్డంగా సీల కోసం రంధ్రం వేసేటప్పుడు, నాలుకలోని రంధ్రాన్ని దూలంలోని రంధ్రానికి సరిగ్గా ఎదురుగా పెట్టలేదు. ఒక్క నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, కిందికి పెట్టారు. కొన సన్నగా చెక్కిన ఎండు వెదురు సీలను ఆ వంకర దారిలో కొడుతుంటే, దూలం కిర్రుమంటూ కిందికి దిగి స్తంభం భుజాలమీద బిగుసుకుంది. ఆ అతుకులో ఇనుప మేకన్నదే లేదు. గాలికి చట్రం ఒరగకుండా ప్రతి మూలకూ ఏటవాలు కర్రలు కూడా ఇదే పద్ధతిలో వేశారు. తీరప్రాంతంలో ఇవి లేని పందిరి కట్టించకండి.

వాసాలను ఉత్తర దక్షిణాలుగా, నాలుగంగుళాల వైపు నిలువుగా ఉండేలా, మధ్యలో నాలుగంగుళాల ఖాళీ వదిలి పేర్చారు. ఎండాకాలంలో మధ్యాహ్నం మూడు దాటి సూర్యుడు పడమటికి సగం వాలేసరికి ఒక వాసం నీడ పక్క వాసాన్ని అందుకుంటుంది. పైనుంచి ఎండ దిగదు. మిట్టమధ్యాహ్నం మాత్రం లాభం లేదు. మే నెలలో కాకినాడలో సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, ఎండ చారలుగా నేలమీద పడుతుంది. అందుకే రాధామనోహరం పాకించాం. తీగ పైకంతా అల్లుకునేవరకు ఆ వేళ కింద కూర్చోలేం.

లోటుపాట్లూ చెప్పాలి. మేస్త్రి గారు లెక్క కాగితం మీద రాసివ్వరు. గుత్తకు మాట్లాడుకున్నాక బోల్టులు, నూనె ఎవరివన్న దగ్గర మాట తేడా వచ్చింది, మేమే పెట్టుకున్నాం. అవన్నీ ముందే రాయించుకోండి. పెళ్లిళ్ల రోజుల్లో కుర్రాళ్లు దొరక్క పని ఆగింది కూడా. పనిలో మాత్రం ఎక్కడా తొందరపడలేదు. చిత్రిక పట్టాక ప్రతి వాసాన్నీ వేళ్లతో తడిమి, గరుకు తగిలినచోట మళ్లీ పట్టేవారు. కంటికి ఆనని పైవైపు కూడా అలాగే చేయడం చూసి ఆయనమీద నాకు గౌరవం పెరిగింది.

మెరిసే వార్నిష్ వేయమని బంధువులు చాలామంది అన్నారు. ఆరుబయట ఎండకు అది పొరలుగా లేస్తుంది, మళ్లీ వేయాలంటే మొత్తం గీకాలి. మాది నూనె పూత. ఏడాదికోసారి వానలకు ముందు గుడ్డతో మేమే పట్టిస్తాం. టేకు రంగు కాస్త బూడిదగా మారుతోంది. చేవకు దానివల్ల నష్టమేమీ లేదు. మీరూ కట్టించాలనుకుంటే సంక్రాంతి దాటగానే మొదలుపెట్టించండి, వానలు పడేలోగా నూనె బాగా ఇంకుతుంది.