ఆరొందల ఫీజు, మూడో అంతస్తు, ఒక కొబ్బరిబొండం

అమలాపురంలో రెండు రోజుల ట్రైనింగ్. ఫీజు 600 రూపాయలు, భోజనం అందులోనే. ఇళ్లల్లో పెద్దవాళ్లనీ దివ్యాంగుల్నీ వేధిస్తున్నారని తెలిస్తే వెళ్లి ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో నేర్పుతారు. రాజోలు వైపు ఓ చిన్న సంస్థ తరఫున ఇళ్లకి తిరిగే పని నాది, ఏడేళ్ల నుంచీ. మనకి తెలియనిది ఏం చెప్తార్లే అనుకుంటూనే బస్సెక్కాను.

మొదటి రోజు పొద్దున్న చట్టాలు. స్లైడ్లన్నీ ఇంగ్లిష్, అక్షరాలు చీమల్లా ఉన్నాయి. విషయం మాత్రం గట్టిదే. తల్లిదండ్రులు, పెద్దవాళ్ల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం ప్రకారం, పోషణ కోసం పెట్టుకునే అర్జీని ఆర్డీవో ట్రిబ్యునల్ 90 రోజుల్లో తేల్చాలి. తప్పనిసరైతే ఇంకో 30 రోజులు తీసుకోవచ్చు. మనిషి లేవలేకపోతే, ఆ మనిషి ఒప్పుకున్న వేరేవాళ్లు కూడా ఆ పేరున అర్జీ పెట్టొచ్చు. మా కోనసీమలో సగం గొడవలు కొబ్బరితోట రాసిచ్చేశాకే మొదలవుతాయి కాబట్టి 23వ సెక్షన్ దగ్గర అందరం నిటారుగా కూర్చున్నాం. చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి ఇచ్చి, వాళ్లు చూడకపోతే ఆ దస్తావేజు రద్దు చేయించుకోవచ్చు. అలాంటప్పుడు ఇల్లు ఖాళీ చేయించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కి ఉందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. "ముందు దస్తావేజు చదవండి, తర్వాత ధైర్యం చెప్పండి" అన్నారు ట్రైనర్ గారు. ఇన్నాళ్లూ నేను ధైర్యమే ముందు చెప్పేశాను.

అసలు డబ్బులకి తగ్గ పని మధ్యాహ్నం జరిగింది. ట్రైనర్ గారు మామ్మలా కుర్చీలో ముడుచుకుని కూర్చున్నారు. కొడుకు వేషం పాలకొల్లు నుంచి వచ్చినాయన. విచారణకి వెళ్లినదాన్ని నేను. "మామ్మగారూ, అబ్బాయి బాగా చూసుకుంటున్నాడాండీ?" అన్నాను. "బంగారం లాంటి వాడమ్మా" అంది మామ్మ. అందరూ నవ్వారు. కొడుకు నా పక్కనే నిలబడి ఉన్నాడు మరి! రెండోసారి ట్రైనర్ గారు నేర్పినట్టు అడిగాను: రాత్రి ఏం తిన్నారు, ఎవరు పెట్టారు, కళ్లజోడు ఏది, ఒకటో తారీఖున వేలిముద్ర వేశాక పింఛను డబ్బులు ఎవరి చేతిలోకి వెళ్లాయి? అడిగాక నోరు మూసుకోవాలట. ఆ ఒక్కటీ నాకు మహా కష్టం, ఆయ్.

ఓ రిటైర్డ్ నర్సుగారు కమిలిన మచ్చల గురించి చెప్పారు. ముసలి చర్మం, పైగా రక్తం పలచబడే మందులు వాడుతుంటే చిన్న దెబ్బకే నల్లబడుతుంది. అందుకని మచ్చ కనపడగానే కోడలి మీదకి వెళ్లొద్దు. రెండు జబ్బల మీదా వేళ్ల గుర్తులుంటే మాత్రం వదలొద్దు.

ఇక తిట్లు. ట్రైనింగ్ హాలు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. మాతోపాటు నేర్చుకోడానికి వచ్చిన ఒకాయన మూడు చక్రాల బండి కిందే వదిలేసి, ప్లాస్టిక్ కుర్చీలో నలుగురి చేతుల మీద పైకి రావాల్సొచ్చింది. ఆయన ముందే దివ్యాంగుల హక్కుల పాఠం 40 నిమిషాల్లో ముగించేశారు, అదీ రెండో రోజు అందరూ బస్సు టైము చూసుకునే వేళ. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద, వేధింపుల గురించి తహశీల్దారుకి చెప్పొచ్చని, తమ చేతి కింద ఉన్న దివ్యాంగులకి కావాలని తిండి పెట్టకపోతే ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు శిక్ష అని చెప్పి వదిలేశారు. మాట సరిగ్గా రాని మనిషిని ఎలా అడగాలి? చెవులు వినపడని వాళ్లతో ఎవర్ని తీసుకెళ్లాలి? నేను అడిగాను. "నెక్స్ట్ బ్యాచ్‌లో కలుపుతాం మేడమ్" అన్నారు.

భోజనం బాగుంది. పనసపొట్టు కూర రెండోసారి వేయించుకున్నాను.

మూడు వారాలకి ఓ లంక ఊరు వెళ్లాను. అరుగు మీద మామ్మ, గుమ్మంలో కొడుకు. అడిగిన ప్రతిదానికీ జవాబు ఆయనదే. "బాబూ, దాహంగా ఉంది, ఓ బొండం కొట్టిస్తారా?" అన్నాను. దొడ్లోకి వెళ్లాడు. ఆయన కత్తి వెతుక్కుని, దింపించి, కొట్టి తెచ్చేలోపు మామ్మ నా చెయ్యి పట్టుకుని చెప్పేసింది, కళ్లజోడూ ఫోనూ బీరువాలో పెట్టి తాళం వేశారని. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేద్దామా, అర్జీ పెడదామా అన్నాను. "కేసులొద్దమ్మా, వాడు నా బిడ్డే. కళ్లజోడు ఇప్పించు చాలు" అంది. పాత నేనైతే ఆవిడ మాట వినకుండా అర్జీ రాసేసేదాన్ని. ట్రైనింగ్‌లో అన్నింటికన్నా ఎక్కువసార్లు చెప్పింది అదే: మతి సరిగ్గా ఉన్న మనిషి ఏం కావాలంటే అదే మొదటి పని. బొండం తాగి, పింఛను కాగితం మామ్మగారే చదువుకోవాలని చెప్పి కళ్లజోడు బయటికి తెప్పించాను. వారం వారం వెళ్తున్నాను.

ఇళ్లకి తిరిగి పనిచేసేవాళ్లు వెళ్లండి, మొదటి రోజు కోసమైనా. మా ఆఫీసులో ఇంకో ఇద్దరున్నారు, అందులో ఒకమ్మాయికి కాలు పోలియో. హాలు కింది అంతస్తుకి మారిస్తే ఇద్దరికీ ఫీజు నేనే కడతాను.