పేరు అదే, పోస్టరు అదే, పిల్లలు మాత్రం వేరు: పవర్‌పఫ్ గర్ల్స్ కోసం చందా కట్టేవారికి హెచ్చరిక

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పిల్లల కార్టూన్ల కోసం వీడియో చందాలు కొంటున్న తల్లిదండ్రులు, ముఖ్యంగా చిన్నప్పుడు కేబుల్ టీవీలో ఆ కార్టూన్లు చూసి పెరిగినవారు, డబ్బు కట్టేముందు ఇది చదవండి. అతీత శక్తులున్న ముగ్గురు చిన్నారి అక్కచెల్లెళ్లు తమ నగరాన్ని కాపాడే అమెరికన్ కార్టూన్ ‘ద పవర్‌పఫ్ గర్ల్స్’. ఈ పేరుతో రెండు వేర్వేరు ధారావాహికలు ఉన్నాయి. పేరులో ఒక్క అక్షరం కూడా తేడా లేదు. మొదటిది 1998 నుంచి 2005 వరకు వచ్చింది. రెండోది 2016లో మొదలై 2019లో ముగిసింది. మొదటిదాని బొమ్మ చూపించి రెండోదాన్ని అమ్ముతున్నారు. నాకు అలాగే అమ్మారు.

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక మొబైల్ దుకాణంలో ఒక వీడియో యాప్ ఏడాది చందాను పండుగ రాయితీ మీద ఇస్తున్నారు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి దుకాణం పేరూ యాప్ పేరూ ఇక్కడ రాయడం లేదు. గల్లాపెట్టె పక్కన పెద్ద పోస్టరు పెట్టారు. అందులో ముగ్గురు పిల్లలూ ఎగురుతుంటారు, వెనక మేయర్, ఆయన పక్కన ముఖం కనబడని ఎర్రజుట్టు సహాయకురాలు మిస్ బెల్లమ్. ఆ పోస్టరు నా ఫోనులో ఫొటోగా భద్రంగా ఉంది. ఎందుకు భద్రంగా పెట్టుకున్నానో కింద చెబుతాను. ‘ఇది పాతదేనా బాబూ?’ అని అడిగాను. ‘పాతదే మేడమ్, అన్ని భాగాలూ ఉన్నాయి’ అన్నాడు కౌంటర్ దగ్గర ఉన్న అబ్బాయి. మా అక్క దగ్గర ఉన్న పాత డిస్కులు గీతలు పడి ఒక్కొక్కటిగా ఆగిపోతున్నాయి. వాటితోనే పెరుగుతున్న అక్క కూతురికి పుట్టినరోజు కానుకగా ఈ చందా కట్టాను.

యాప్ తెరిస్తే ఉన్నది 2016 నాటిది. పాతదాని భాగం ఒక్కటీ లేదు. మొదటి భాగం సగం కూడా పూర్తికాకముందే పాప నావైపు తిరిగి, ‘పిన్నీ, వీళ్లు ఎవరు?’ అని అడిగింది.

ఏడేళ్ల పాపకు తెలిసిపోవడానికి కారణం గొంతులు. పాతదానిలో బ్లాసమ్‌కు క్యాథీ కావడీని, బబుల్స్‌కు తారా స్ట్రాంగ్, బటర్‌కప్‌కు ఇ. జి. డైలీ గొంతు ఇచ్చారు. 2016లో ఆ ముగ్గురినీ తీసేసి అమాండా లైటన్, క్రిస్టెన్ లీ, నటాలీ పలమీడెస్‌లను పెట్టారు. వయసు మీద పడి పాతవాళ్ల గొంతు మారిపోయిందేమో అనుకోవడానికి వీల్లేదు. 2014లో వచ్చిన ప్రత్యేక భాగంలో అదే ముగ్గురు అవే పాత్రలకు మాట్లాడారు. రెండేళ్లలో ఏం మారింది? తనను పక్కనపెట్టడం బాధించిందని తారా స్ట్రాంగ్ బహిరంగంగానే చెప్పారు. ఇంకో మాట. కథకుడిగానూ మేయర్‌గానూ టామ్ కెన్నీ, పిల్లల్ని తయారుచేసిన ప్రొఫెసర్‌గా టామ్ కేన్, వాళ్ల శత్రువైన కోతి మోజో జోజోగా రోజర్ ఎల్. జాక్సన్ కొత్తదానిలోనూ కొనసాగారు. మగ పాత్రలకు పాత గొంతులే కావాలి, కథకు ప్రాణమైన ముగ్గురు ఆడపిల్లలకు మాత్రం అక్కర్లేదు! ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

గొంతు మారితే ఏం పోయిందని అడిగేవారికి మన సినిమాలనే గుర్తుచేస్తాను. రాజశేఖర్ తెర మీద కోపంతో ఊగిపోతుంటే మన గుండెల్లో మోగింది సాయికుమార్ గొంతు. కమల్ హాసన్ తెలుగు మాటల్లో ఎన్నో ఏళ్లు మనం విన్నది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యాన్ని. ఆ గొంతు లేకుండా ఆ పాత్రను ఊహించుకోలేం. డబ్బింగ్ విలువ తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. అయినా సినిమాలో నటుడి ముఖం, కళ్లు, నడక ఉంటాయి. కార్టూన్‌లో అవేవీ లేవు. పైగా ఈ ముగ్గురివీ ఒకే గుండ్రటి తల, ఒకే పెద్ద కళ్లు, వేళ్లు లేని చేతులు. రంగు, జుట్టు తప్ప గీతలో తేడా చాలా తక్కువ. వాళ్లను ముగ్గురు మనుషులుగా నిలబెట్టేది గొంతు ఒక్కటే.

పాతదానిలో ఆ పని ఎంత బాగా జరిగిందంటే, మా అక్క వంటింట్లో ఉండి టీవీ చూడకుండానే ఎవరు మాట్లాడుతున్నారో చెప్పేది. కావడీని గొంతులో పెద్దపిల్ల హోదా, దాని అడుగున కాస్త గర్వం వినిపిస్తాయి. డైలీ గొంతులో గరగర ఉంటుంది, దెబ్బ తగిలినా ఏడుపు దిగమింగే పిల్ల వినిపిస్తుంది. తారా స్ట్రాంగ్ చేసింది అన్నిటికంటే కష్టమైన పని. సన్నగా, తీయగా మాట్లాడుతూనే కోపం వచ్చిన క్షణంలో వినేవాళ్లు ఉలిక్కిపడేలా మారిపోవాలి. కొత్తదానిలో ముగ్గురూ హుషారుగానే మాట్లాడతారు, గట్టిగానే అరుస్తారు. కానీ తెర చూడకుండా వింటే ముగ్గురూ ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చునే స్నేహితుల్లా వినిపిస్తారు. ఆ నటీమణుల ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. వాళ్లకు రాసిచ్చిన మాటలే అలా ఉన్నాయి. అసలు నష్టం అక్కడే జరిగింది.

పాత పవర్‌పఫ్ గర్ల్స్‌ను సృష్టించిన క్రెయిగ్ మెక్‌క్రాకెన్ ప్రతి పిల్లలోనూ ఒక బలాన్నీ, దానికి ఎదురు నిలిచే మరో గుణాన్నీ పెట్టాడు. బబుల్స్ ముగ్గురిలోకీ మెత్తనిది. కానీ తనను పసిపిల్లలా చూస్తున్నారన్న ఉక్రోషంతో సాధన గదిలో యంత్రాన్ని పదకొండో స్థాయికి పెట్టి ఒంటరిగా పోరాడే భాగం ఒకటి ఉంది. అది చూసినవాళ్లు బబుల్స్‌ను మళ్లీ వట్టి ముద్దుపిల్ల అనలేరు. బటర్‌కప్ ఎవరికీ భయపడదు. కానీ చిన్న దుప్పటి ముక్క చేతిలో లేకపోతే ధైర్యం చాలదు. డబ్బు ఆశకు పన్ను ఊడితే పళ్ల దేవత ఇస్తుందని అక్కడి పిల్లలు నమ్మే నాణేల కోసం దుర్మార్గుల పళ్లు రాలగొట్టిందీ ఆమే, దానికి తగిన శాస్తి అనుభవించిందీ ఆమే. బ్లాసమ్ తెలివైన నాయకురాలు, ఆ తెలివి గురించి ఆమెకు బాగా తెలుసు కూడా! చెల్లెళ్లు విసుక్కుంటారు, గొడవ పడతారు, మళ్లీ కలుస్తారు. పిల్లలు ఉన్న ఏ ఇంట్లోనైనా జరిగేది ఇదే కాబట్టి మా అక్కా నేనూ ఆ గొడవల్లో మమ్మల్ని చూసుకున్నాం.

2016 నాటి దానిలో ఈ లోతును చదును చేశారు. బ్లాసమ్ ఎప్పుడూ బడి పనులు, పద్ధతి, వరుసల గురించి కంగారుపడే పిల్ల అయింది. బటర్‌కప్‌కు మిగిలింది విసుగు. బబుల్స్‌కు కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే నేర్పు ఇచ్చారు. ఆ ఆలోచన మంచిదే, ఆడపిల్లకు ఆ నేర్పు చూపించడం నాకు నచ్చింది. కానీ దాన్ని ఆమె స్వభావంలో కలపలేదు, పైన అంటించారు. హాస్యం కోసం ఆ ఏడాది ఇంటర్నెట్‌లో తిరిగిన ఆటలనూ మాటలనూ పట్టుకొచ్చారు, అవి అప్పుడే పాతబడిపోయాయి. 1998 నాటి హాస్యం పాత్రల నుంచి పుట్టింది, అందుకే అది ఈరోజు కూడా పాపను నవ్విస్తోంది.

ఇక మిస్ బెల్లమ్. మేయర్ ఊరగాయ సీసాల మోజులో ఉంటే టౌన్స్‌విల్ నగరాన్ని నిజంగా నడిపేది ఈవిడ. ముఖం చూపించకుండానే ఆమె తెలివినీ ఓర్పునూ మనకు అర్థమయ్యేలా చేశారు. కొత్త తయారీదారులు ఆమె తాము చెప్పదలచుకున్న సందేశానికి సరిపోదని భావించి పక్కనపెట్టారు. ఆమె ఆకారాన్ని గీసిన తీరు మీద అభ్యంతరం ఉంటే గీత మార్చవచ్చు, దుస్తులు మార్చవచ్చు. ఆ నగరంలో అందరికంటే తెలివైన స్త్రీనే తీసేస్తే ఆడపిల్లలకు అందే సందేశం ఏమిటి? పాప ‘ఆ ఎర్రజుట్టు ఆంటీ ఎప్పుడొస్తుంది?’ అని అడుగుతూనే ఉంది. ఆ దుకాణం పోస్టరు ఫొటోను నేను జాగ్రత్త చేసింది ఇందుకే. ఆమెను బొమ్మలో చూపించి, ఆమెను పక్కనపెట్టిన ధారావాహికను అమ్మితే అది వినియోగదారుడిని తప్పుదోవ పట్టించడమే.

నాలుగో అమ్మాయి సంగతీ చెప్పాలి, కొందరు దాన్నే కొత్తదనంగా చూపించి అమ్ముతున్నారు. 2017లో ఐదు భాగాల కథతో బ్లిస్ అనే పెద్దక్కను తెచ్చారు. ఆమె గొంతుకు అమెరికాలో ఒలీవియా ఓల్సన్, బ్రిటన్‌లో అలీషా డిక్సన్, దక్షిణాఫ్రికాలో టోయా డెలాజీ అంటూ ఒక్కో చోట ఒక్కో గాయనిని పెట్టారు. పాత్రకు ఎలాంటి గొంతు కావాలన్న ఆలోచన కంటే ఏ పేరుతో ప్రచారం వస్తుందన్న ఆలోచనే ముందుందని నా అభిప్రాయం. ఇదే ఊహను పాతది ఎప్పుడో చేసింది. చక్కెరకు బదులు కృత్రిమ తీపి, మసాలాకు బదులు మట్టీ పుల్లలూ వేసి పిల్లలు తామే బన్నీ అనే చెల్లెల్ని తయారుచేసుకుంటారు. ఆమె వికారంగా ఉంటుంది, మాట సరిగా రాదు, మంచిచెడులు తెలియవు. చివరికి తనను తయారుచేసినవాళ్లను కాపాడి తానే పేలిపోతుంది. పదకొండు నిమిషాల్లోపు ముగిసే కథ అది. అది చూసి మా అక్క ఏడ్చింది, ఇన్నేళ్లకు పాప కూడా ఏడ్చింది.

పాతది ఎప్పుడూ చూడని పిల్లలకు కొత్తది నచ్చవచ్చు. రంగులు బాగున్నాయి, భాగాలు చిన్నవి, మోజో జోజో గొంతు అదే. అది తెలిసి, కావాలనుకుని కొనేవారితో నాకు పేచీ లేదు. ప్రకటన తెలుగులో ఉండి కార్టూన్ ఆంగ్లంలో ఉండడం మీద కూడా నా ఫిర్యాదు లేదు. ఒకటి చూపించి మరొకటి అంటగట్టడం మీదే నా కోపమంతా.

కొనేముందు అమ్మేవాడి మాట వినకుండా యాప్‌లో ఆ ధారావాహిక పేజీ తెరిపించి సంవత్సరం చూడండి. 1998 అని ఉండాలి. పాతదానికి ఆరు సీజన్లు, 78 భాగాలు, కొత్తదానికి మూడే సీజన్లు. సంవత్సరం దాచిపెడితే నటుల పేర్లు చూడండి, పైన రాసిన కావడీని, స్ట్రాంగ్, డైలీ కనిపించాలి. అదీ లేకపోతే మొదటి నిమిషం పెట్టించండి. పాతది ప్రొఫెసర్ చక్కెర, మసాలా, మంచివన్నీ కలుపుతూ పొరపాటున కెమికల్ ఎక్స్ అనే రసాయనం పోయడంతో మొదలవుతుంది. కొత్తదాని ప్రారంభ గీతం టాకోక్యాట్ అనే బృందం పాడినది, పూర్తిగా వేరే పాట. పోస్టరులో నీలం జుట్టుతో నాలుగో అమ్మాయి ఉంటే అది కొత్తదే. 2022లో మెక్‌క్రాకెన్ చేతుల మీదుగా మరో పవర్‌పఫ్ గర్ల్స్ తయారవుతుందని ప్రకటించారు. అది వస్తే ఈ కుటుంబంలో ఇంకొకటి చేరుతుంది, అప్పుడు ఈ గందరగోళం ఇంకా పెరుగుతుంది.

డబ్బు కట్టే పద్ధతి కూడా చూసుకోండి. ఏడాది చందా అని చెప్పి ఫోనులో ఆటోపే అనుమతి తీసుకుంటున్నారు. ఏడాది తర్వాత మళ్లీ దానంతట అదే డబ్బు పోతుంది. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగానికి వెళ్లి ఆ అనుమతిని మీరే రద్దు చేయవచ్చు. దుకాణంలో రశీదు అడగండి, దానిమీద ధారావాహిక పేరుతో పాటు సంవత్సరం కూడా రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోకపోతే అక్కడ కొనకండి.

ఇప్పటికే మోసపోయినవారు ముందుగా యాప్ ఫిర్యాదుల అధికారికి రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వాళ్లు 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కి ఫోన్ చేయండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలను స్పష్టంగా తప్పుపడుతుంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయిదు లక్షల రూపాయల లోపు వ్యవహారానికి రుసుము కూడా లేదు.

దుకాణదారు ‘యాప్‌వాళ్లను అడగండి’ అంటున్నాడు, యాప్‌వాళ్లు ‘దుకాణాన్ని అడగండి’ అంటున్నారు. నేను ఇద్దరి మీదా ఫిర్యాదు పెట్టాను, పోస్టరు ఫొటో, రశీదు జతచేశాను. ఆ రోడ్డులోనో, చిత్తూరులోనో ఇదే పోస్టరు చూసి చందా కట్టినవారు ఉంటే తమ రశీదునూ పోస్టరు ఫొటోనూ భద్రపరచుకొని తమ పేరున వేరుగా ఫిర్యాదు పెట్టండి. ఒక్కరి ఫిర్యాదును పక్కన పడేయడం వాళ్లకు తేలిక.