తాడా, పట్టీలా?

భార్యాభర్తలిద్దరూ ఇష్టపడి, ముందే మాట్లాడుకుని ఒకరి చేతులు ఒకరు కట్టే ఆట ఆడాలనుకుంటే, తిరుపతి గాంధీ రోడ్డులో కొన్న నైలాన్ తాడు చాలనిపిస్తుంది. నేనైతే వద్దంటాను. సన్నటి నైలాన్ బిగుసుకుంటుంది, చర్మం ఒరుసుకుపోతుంది. మోచేతికి పైన నరం నొక్కుకుపోతే మణికట్టు వాలిపోయి, కోలుకోవడానికి వారాలు పట్టవచ్చు. నూలు తాడు మెత్తన, కానీ ముడులు నేర్చుకోవాలి. కొందరికి ఆ నేర్చుకోవడంలోనే సగం ఆనందం.

వెడల్పాటి వెల్క్రో పట్టీలు ఒక్క లాగుతో ఊడతాయి. కొత్తవాళ్లకు ఇవే మేలు.

ఏదైనా సరే, రెండు వేళ్లు దూరేంత వదులు, పక్కనే కత్తెర ఉండాలి. తిమ్మిరి అనగానే విప్పేయాలి. పక్క గదిలో అత్తామామలుంటే గట్టిగా చెప్పడానికి మొహమాటం. అందుకే కట్టించుకున్నవారి చేతిలో తాళాల గుత్తి పెట్టండి. అది కింద పడితే ఆపేయమని అర్థం.