కుట్టుకు 5 స్టార్లు, మాస్టారి కోపానికి 2

విజయనగరంలో గంటస్తంభం దగ్గర సందులో ఉన్న ఒక లేడీస్ టైలర్ గురించి ఈ రివ్యూ. కొట్టు పేరు కావాలనే రాయడం లేదు, చదివితే ఎందుకో అర్థమవుతుంది.

ముందు పని సంగతి. జాకెట్టు కటింగ్‌లో ఈయనకి తిరుగు లేదు. ఆది జాకెట్టు ఇస్తే దాన్ని గుడ్డిగా దించేయకుండా, భుజం ఎక్కడ జారుతోందో, వీపు మీద ముడత ఎక్కడ పడుతోందో మనల్ని నిలబెట్టి చూసి మరీ కొలతలు మారుస్తారు. లైనింగ్ పీకదు, హుక్కులు ఊడవు, లోపల గుడ్డ ధారాళంగా వదులుతారు కాబట్టి తర్వాత ఒళ్లు చేసినా కుట్లు విప్పుకోవచ్చు. పొందూరు ఖద్దరు చీర మీదకి నేను కుట్టించుకున్న బోట్ నెక్ చూసి ఆఫీసులో అడ్రస్ అడగనివాళ్లు లేరు. మూడు లాంతర్ల వైపు కొట్ల కంటే కూలి కాస్త ఎక్కువే, కానీ ఇవ్వొచ్చు.

ఇక అసలు గొడవ. సిరిమాను పండగ ముందు, కొట్టు కిటకిటలాడుతున్న వేళ, మా ఆడపడుచు జాకెట్టు వేసుకుని చూసి "మాస్టారూ, చంక దగ్గర కొంచెం పట్టేస్తోందండి" అంది. అంతే, ఆయన మొహం మారిపోయింది. "నా చేతిలో కొలత తప్పడమేటమ్మా? ఇచ్చి వెళ్లాక మీరు లావైతే నేనేటి చేస్తాను?" అని వీధిలోకి వినిపించేలా అన్నారు. ఏ పెద్దాఫీసర్ల ఇళ్లవాళ్లు తన దగ్గర కుట్టించుకుంటారో ఏకరువు పెట్టారు, అదీ చాలక కాజాలు కుట్టే కుర్రాడి మీద పడ్డారు, పాపం వాడికి ఆ జాకెట్టుతో సంబంధమే లేదు. ఆ తర్వాత మా సంచి అన్నిటికన్నా అడుక్కి వెళ్లిపోయింది. ఎప్పుడడిగినా తలెత్తకుండా "ఇంకా అవలేదు".

జనం దీన్ని పొగరు అని వదిలేస్తారు. సైకాలజీ చదువుకున్నదాన్ని కాబట్టి నాకు వేరేగా కనిపించింది. నార్సిసిస్టిక్ లక్షణాలున్న, అంటే తనంత గొప్పవాళ్లు లేరనుకుంటూ ఎప్పుడూ పొగడ్త కోరుకునే మనిషికి తన మీద తనకున్న గొప్ప అభిప్రాయం ఎదుటివాళ్ల మెప్పు అందినంతసేపే నిలుస్తుంది. మనకి "చంక పట్టేసింది" అనేది జాకెట్టు గురించిన మాట. ఆయనకి అది నలుగురిలో తన మీద చెప్పిన తీర్పు. లోపల సిగ్గు భగ్గుమంటుంది, దాన్ని భరించలేక తప్పు ఇంకొకరి మీదకి తోస్తారు, గొప్పలు చెప్తారు, లేదా మాట్లాడ్డం మానేస్తారు. మాస్టారు ఆ మూడూ చేశారు. హైన్జ్ కోహుట్ అనే మనోవిశ్లేషకుడు ఈ కోపం గురించి 1972లోనే రాశాడు. తగిలిన దెబ్బకి ఎలాగైనా బదులు తీర్చుకోవాలనే పంతం అందులో ఉంటుందని ఆయన గమనించాడు. మా సంచి అడుక్కి ఎందుకు వెళ్లిందో ఇక వేరే చెప్పాలా?

1998లో బుష్‌మన్, బామైస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని ప్రయోగంలో చూశారు. వ్యాసం రాయించి, కొందరికి చాలా బాగుందని, కొందరికి ఇంత చెత్త వ్యాసం చదవలేదని ఇంకొకరెవరో రాసినట్టు కామెంట్ ఇచ్చారు. తర్వాత ఒక పోటీ పెట్టి, ఎదుటివాడికి ఎంత గట్టి శబ్దం వినిపించాలో వాళ్లనే ఎంచుకోమన్నారు. నార్సిసిజం స్కోరు ఎక్కువున్నవాళ్లు తమని అవమానించినవాడికే బాగా గట్టిగా వినిపించారు, సంబంధం లేనివాణ్ణి ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. మరి కుర్రాడి సంగతేంటి అంటారా, 2003లో ట్వెంగీ, క్యాంప్‌బెల్ చేసిన ప్రయోగాల్లో, గుంపు తమని వద్దన్నప్పుడు ఇలాంటివాళ్లు అమాయకుల మీద కూడా కోపం చూపించారని తేలింది.

మాస్టారికి నార్సిసిజం జబ్బుందని మాత్రం నేననడం లేదు. అమెరికా మానసిక వైద్యుల మాన్యువల్ ప్రకారం 9 లక్షణాల్లో కనీసం 5 ఉండాలి, అవి వయసొచ్చినప్పటి నుంచీ జీవితంలో చాలాచోట్ల కనిపించాలి. అది తేల్చాల్సింది డాక్టరు, జాకెట్టు బిగుతైనవాళ్లు కాదు.

మా అత్తగారికి ఈ ప్రయోగాలేవీ తెలీవు. మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు వెళ్లి, "మాస్టారూ, మెడ ఎంత చక్కగా కుదిరిందో! ఈ చెయ్యొక్కటి మీరే చూసిపెట్టాలి బాబూ" అన్నారట. ఆయన అక్కడికక్కడే కుట్లు విప్పి, వదులు చేసి ఇచ్చారు, పైసా తీసుకోలేదు. చూసేవాళ్లు లేకపోతే సిగ్గుపడాల్సిన పనీ లేదు మరి.

అయినా నాకు ఒళ్లు మండుతుంది. కూలి ఇచ్చి కుట్టించుకునేవాళ్లం మళ్లీ బతిమాలుకోవడం ఏంటి? పొగిడితే ఆ పూటకి చల్లబడతారు, ఇంకో కస్టమర్ ఇంకో మాట అనగానే మళ్లీ అదే భాగోతం. మనం సంచి పట్టుకుని ఇంటికొచ్చేస్తాం, కుర్రాడు రోజంతా అక్కడే ఉండాలి. వాడు ఈమధ్య కొట్లో కనిపించడం లేదు, వేరేచోట చేరాడట, మంచి పని చేశాడు.

వెళ్లేవాళ్లకి: దసరాకి కావాలంటే నెల ముందే ఇచ్చేయండి. తీసుకున్నరోజే వేసుకుని చూసుకోండి, తేడా ఉంటే జనం ముందు అనకుండా మధ్యాహ్నం వెళ్లండి. మగ్గం వర్క్ మాత్రం ఇక్కడ ఇవ్వొద్దు, బయటికి పంపిస్తారు, ఆలస్యం చేస్తారు, ఎందుకాలస్యమని అడిగితే ఏమవుతుందో పైన రాశాను.