పోలీస్ స్టేషన్‌లో మహిళా హెల్ప్‌డెస్కా, హింసకు గురైన మహిళలకు సాయం చేసే జిల్లా సఖి కేంద్రమా?

రెండింటికీ మూలం మహిళల భద్రతకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిర్భయ నిధే. తేడా అంతా ఖర్చయ్యే తీరులో ఉంది.

హెల్ప్‌డెస్క్‌కు 2019లో కేంద్ర ప్రభుత్వం వేసిన లెక్క డెస్క్‌కు లక్ష రూపాయలు, 10 వేల స్టేషన్లకు 100 కోట్లు. ఆ డబ్బుతో బల్ల, కంప్యూటర్, ఫోన్ వస్తాయి. మనిషి రాదు. కూర్చునే కానిస్టేబుల్‌ది రాష్ట్రం జీతం. బందోబస్తు పడితే ముందు ఆవిణ్ణే పంపుతారు, కుర్చీ ఖాళీ. కానీ ఊరికి దగ్గరగా ఉండేది, అప్పటికప్పుడు ఎఫ్‌ఐఆర్ కట్టేది స్టేషనే.

2015లో మొదలైన సఖి పథకానికి పూర్తి ఖర్చు కేంద్ర ప్రభుత్వానిదే. కౌన్సెలింగ్, వైద్యం, న్యాయ సలహా, ఐదు రోజుల వరకు బస ఒకేచోట దొరుకుతాయి. 2005 గృహహింస చట్టం కింద నివేదిక రాయించి మేజిస్ట్రేటుకు పంపే దారీ ఇక్కడ సులువు. చిక్కు దూరం: సఖి ఉండేది ఎక్కువగా జిల్లా కేంద్రంలో. పైగా ఇచ్చిన సొమ్ము ఖర్చయినట్టు చూపే వినియోగ పత్రాలు ఆలస్యమైతే తర్వాతి విడత నిధులు ఆగి, సిబ్బంది జీతాలు నిలిచిపోతాయి.

అదనపు సొమ్ము చేతికొస్తే కొత్త బల్లలకు పెట్టడం దండగ. రాత్రిపూట స్టేషన్ నుంచి సఖికి చేర్చే బండికి, డెస్క్ వదిలి కదలని ఒక కౌన్సెలర్‌కు కేటాయించాలి.