మా కారు ఇమ్మొబిలైజర్: తొమ్మిదేళ్ల వాడకం, సూర్యాపేట దాటాక ఒక రాత్రి

2016లో కొన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ మాది. మైలేజీ, డిక్కీ సైజు లాంటివి అందరూ రాసేశారు, వాటి జోలికి నేను పోను. తొమ్మిదేళ్లలో నన్ను నిజంగా ఏడిపించింది చిటికెన వేలి గోరంత నల్లటి ముక్క ఒక్కటే. తాళం చెవి తలకాయలో ఉండే చిప్ అది.

మొదటి ఐదేళ్లు ఇమ్మొబిలైజర్, అంటే సరైన చిప్ ఉన్న తాళం కాకపోతే ఇంజిన్‌ని నడవనివ్వని ఏర్పాటు, ఒకటుందన్న సంగతే నాకు పట్టలేదు. స్విచ్ వేయగానే మీటర్ల దగ్గర తాళం బొమ్మ లైటు వెలిగి, కాసేపటికి ఆరిపోయేది. ఎవరైనా అడిగితే మాత్రం "తాళం డూప్లికేట్ కోయించినా బండి స్టార్ట్ కాదండీ, నిశ్చింతగా వీధిలో పెట్టుకోవచ్చు" అని గొప్పగా చెప్పేవాణ్ణి. ఇప్పుడూ చెబుతాను, కాకపోతే గొంతు కొంచెం తగ్గింది.

పోయినేడు సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ సూర్యాపేట దాటాక టీకి ఆగాం. అప్పటికి రెండు నెలల కిందట తాళం తలకాయ మీది ప్లాస్టిక్ షెల్ పగిలితే మా వీధి చివర తాళాలబ్బాయి దగ్గర మూడొందల యాభైకి కొత్తది వేయించాను. టీ డబ్బులిస్తుంటే ఆ తాళం జారి సిమెంటు గచ్చు మీద పడి రెండుగా విడిపోయింది. బిళ్ల బ్యాటరీ దొరికింది, బటన్ల బోర్డు దొరికింది. అన్నీ లోపల పెట్టి నొక్కాను. బటన్ నొక్కితే డోర్లు తెరుచుకున్నాయి కూడా. ఇంకేం, బాగానే ఉందనుకున్నాను.

తాళం తిప్పితే ఇంజిన్ స్టార్ట్ అయి, రెండు సెకన్లలో ఆగిపోయింది. మళ్లీ తిప్పాను, మళ్లీ అంతే. నాలుగోసారికి మా ఆవిడ "ఏవండీ, ఆ తాళం బొమ్మ ఎర్ర లైటు అలా కొట్టుకుంటోందేంటి?" అంది. నేను పట్టించుకోలేదు. నా బుర్రంతా పెట్రోల్ మీదే ఉంది. వచ్చిన మొదటి మెకానిక్ కూడా ఫ్యూయల్ పంపే అన్నాడు. వెనక సీటు ఎత్తి, వైర్లు కదిపి, ఆరొందలు తీసుకుని వెళ్లిపోయాడు. లోపల పిల్లాడు నిద్రపోతున్నాడు, బయట చలి, పక్కనుంచి లారీలు. టెన్షన్ అంటే ఏమిటో ఆ గంటన్నరలో తెలిసింది.

టీ కొట్టు ఆయన ఎవరికో ఫోన్ చేస్తే ఒక పెద్దాయన టీవీఎస్ మీద వచ్చాడు, ఆటో ఎలక్ట్రీషియన్. బానెట్ తెరవమనలేదు. స్విచ్ వేయించి ఆ లైటు వైపు చూశాడు. "జర చెవి ఇటియ్యుండ్రి సార్" అని తీసుకుని, గోటితో షెల్ విప్పి, "ఇండ్ల చిప్పేది?" అన్నాడు.

నాకు తెలియని విషయం అదే. డోర్లు తెరిచే బటన్లు వేరు, ఇంజిన్‌ని నడవనిచ్చే చిప్ వేరు. బటన్లకు బ్యాటరీ కావాలి, చిప్‌కు అక్కర్లేదు. తాళం పెట్టే రంధ్రం చుట్టూ ఉన్న రింగు కాయిల్ నుంచే దానికి కరెంటు అందుతుంది, అప్పుడది తన నంబర్ చెబుతుంది. నంబర్ కలవకపోతే కారులోని కంప్యూటర్ ఇంజిన్‌కి పెట్రోల్ పంపడం ఆపేస్తుంది. మా తాళాలబ్బాయి ఆ చిప్‌ను గట్టిగా కూర్చోబెట్టకుండా వదిలేసినట్టున్నాడు.

ముగ్గురం సెల్ ఫోన్ లైట్లు పట్టుకుని గచ్చంతా వెతికాం. టీ డ్రమ్ము కింద, వాడి పారేసిన కప్పుల మధ్య దొరికింది. మొదట నేనే చూసి గులకరాయి అనుకుని వదిలేశాను కూడా! పెద్దాయన దాన్ని తాళం తలకాయకి నల్ల టేపుతో చుట్టాడు. తిప్పితే లైటు ఆరిపోయింది, ఇంజిన్ ఆగలేదు. రెండొందలు చాలన్నాడు. ఐదొందలిచ్చాను.

ఆ తర్వాత మరోసారి అదే లైటు భయపెట్టింది గానీ, అసలు తప్పు కారు బ్యాటరీది. నాలుగేళ్ల పాత బ్యాటరీ సెల్ఫ్ కొట్టేటప్పుడు డల్ అయిపోయి, కంప్యూటర్ చిప్‌ని సరిగా చదవలేకపోయింది. బ్యాటరీ మార్చాక మళ్లీ రాలేదు. మా బావమరిది కథ ఇంకోటి: రెండు కార్ల తాళాలూ ఒకే రింగుకి తగిలించాడు, ఒక చిప్ ఇంకోదానికి అడ్డొచ్చి ఉండుండి మొరాయించేది. విడదీశాక మామూలైంది. కాబట్టి లైటు మెరుస్తుంటే ముందు రెండో తాళంతో చూడండి. దానితో స్టార్ట్ అయితే తప్పు తాళానిది. దానితోనూ కాకపోతే బ్యాటరీ, ఆ తర్వాత రింగు కాయిల్, దాని కనెక్టర్. ఎలుకలున్న సెల్లార్ అయితే వైరింగూ చూడాలి. లైటు మామూలుగా ఆరిపోయి కూడా బండి స్టార్ట్ కాకపోతే చాలావరకు గొడవ వేరే చోట ఉంటుంది, అప్పుడు పంపు సంగతి అడగండి.

ఆ రాత్రి నా దగ్గర రెండో తాళం లేదు, అదే నా అసలు తప్పు. అంతకుముందే ఎక్కడో పోగొట్టుకున్నాను. కొత్తది సర్వీస్ సెంటర్లో చేయిస్తే, కొత్త చిప్‌ని కారు గుర్తుపట్టేలా చేసే ప్రోగ్రామింగ్‌తో కలిపి తొమ్మిది వేల పైచిలుకు, ఆర్సీ కాపీ, ఆధార్ కాపీ, పదకొండు రోజులు పట్టింది. బయట ఒకాయన "చిప్‌ని స్టీరింగ్ కింద రింగు పక్కనే అతికించేస్తా, ఇక గొడవుండదు" అన్నాడు. అలా చేస్తే చిప్ లేని డూప్లికేట్ తాళంతోనైనా బండి కదులుతుంది, ఇక ఇమ్మొబిలైజర్ ఉండీ లేనట్టే. పైగా కారు పోతే ఇన్సూరెన్స్ వాళ్లు రెండు తాళాలూ అడుగుతారు. వద్దన్నాను.

మాది గేటు లేని అపార్ట్‌మెంట్, కారు రాత్రంతా రోడ్డు మీదే ఉంటుంది. కాబట్టి నాకు ఇది కావాలి. ఇంట్లో షెడ్డు, ఊళ్లోనే తిరుగుడు అయితే మీకు ఇంత అవసరం అనిపించకపోవచ్చు. పాత తాళం ఇంకా ఆ నల్ల టేపుతోనే ఉంది. మా ఆవిడ దాన్నే వాడుతుంది, తొమ్మిది వేలది ఎక్కడ పడిపోతుందోనని.