మూడేళ్ళు వాడిన కేకు డబ్బా: ఫ్రిజ్ లేకుండా ఎంతవరకు పనికొచ్చింది?

2022 డిసెంబరులో నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక పాత్రల దుకాణంలో కొన్నాను. 650 రూపాయలు. పళ్ళెంలాంటి అడుగు, పైన పారదర్శకమైన ఎత్తు మూత, అంచు చుట్టూ రబ్బరు పట్టీ, నాలుగు వైపులా బిగించే కొక్కేలు. కిలో కేకు పడుతుంది. క్రీము పూసిన కేకైనా ఇందులో మూడు రోజులు తాజాగా ఉంటుంది, ఫ్రిజ్ అక్కర్లేదని అమ్మినతను చెప్పాడు. అందులో సగం నిజం. ఆ సగం ఏదో తేలేసరికి రెండు కేకులు చెత్తబుట్ట పాలయ్యాయి.

ఫ్రిజ్ ఉండగా ఈ అవస్థ ఎందుకంటారా? మా ఫ్రిజ్‌లో చేపల పులుసు గిన్నె లేని రోజు అరుదు. వెన్న పక్కనున్న వాసననంతా పట్టేస్తుంది. పైగా రాత్రి మిగిలిన అన్నం ఫ్రిజ్‌లో పెడితే పొద్దునకు బిరుసెక్కుతుంది కదా, కేకుకూ అదే గతి. పిండిలోని గంజి పదార్థం ఆ చల్లదనానికి త్వరగా బిగుసుకుంటుంది. మూత ఎంత గట్టిగా పెట్టినా ఇది ఆగదు. వెన్నతో చేసిన కేకైతే వెన్న కూడా గడ్డకట్టి ఇంకా గట్టిగా తగులుతుంది.

డబ్బా నిజంగా నిలబెట్టింది బటర్ క్రీము కేకులను. నేను 100 గ్రాముల వెన్నకు 200 గ్రాముల చక్కెర పొడి వేస్తాను, పాలు దాదాపు పోయను. అంత తీపి ఎందుకని మావారు ప్రతిసారీ అడుగుతారు. ఆయనకు జవాబు మా అత్తయ్యే చెప్పారు: "ఆవకాయ ఉప్పుతో నిలిచినట్టు ఇది చక్కెరతో నిలుస్తుందిరా." నిజమే, ఆ చక్కెర తడిని పట్టి ఉంచి సూక్ష్మజీవులకు అందనివ్వదు. కేకు చుట్టూ సందు లేకుండా పూస్తే ఆ క్రీమే లోపలి భాగాన్ని ఆరిపోకుండా కాస్తుంది. డార్క్ చాక్లెట్ రెండు వంతులు, క్రీము ఒక వంతు కలిపి చేసిన గనాష్ కూడా చల్లటి రోజుల్లో రెండు రోజులు బాగానే ఉంది.

మిగ్‌జాం తుపాను నాటి సంగతి చెప్పాలి. 2023 డిసెంబరు 3, ఆదివారం, మా చిన్నవాడి పుట్టినరోజు. సాయంత్రం కేకు కోశాం, రాత్రికి కరెంటు పోయింది. తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది మంగళవారం. అప్పటిదాకా ఫ్రిజ్ ఉత్త అలమరే. సగం కేకు ఈ డబ్బాలో ఉంది. కోసిన ముఖానికి బటర్ పేపరు అతికించి పెట్టాను. మంగళవారం పొద్దున తీసి చూస్తే అంచు కొద్దిగా పొడిబారింది తప్ప వేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగి మళ్ళీ పైకి లేచింది. వాసన చూశాను, తిన్నాం. అయితే మూత లోపల చెమట పట్టి, కేకు మీద చక్కెర ముద్దతో చేసిన బొమ్మ కారు చక్రాలు జిగురుగా సాగాయి. వానల్లో ఆ చక్కెర ముద్ద గాలిలో తేమను లాక్కుంటుంది, దాన్ని ఏ డబ్బా ఆపలేదు.

ఇక వేసవి. 2024 రోహిణి కార్తెలో కందుకూరులో ఆడపడుచు ఇంటికి ఇదే రకం బటర్ క్రీము కేకు, ఇదే డబ్బాలో పట్టుకెళ్ళాను. బస్సు దిగి మూత తీస్తే పైనున్న క్రీము గులాబీలు ఒక్కొక్కటీ తల వాల్చి పక్కకు జరుగుతున్నాయి, పక్క గోడ క్రీము జారి అడుగున మడుగు కట్టింది. వెన్న 32 నుంచి 35 డిగ్రీలకే కరుగుతుంది, మన మే నెలలో ఎండ 40 దాటుతుంది. "వదినా, ఇది పాయసమా?" అంది ఆడపడుచు. వనస్పతితో చేసిన క్రీము అంత త్వరగా కరగదు కానీ అంగిలికి మైనంలా అంటుకుంటుంది, నాకు నచ్చదు.

విప్పింగ్ క్రీము, క్రీము చీజు, కస్టర్డు, తాజా పండ్ల ముక్కలు ఉన్న కేకుకు ఈ డబ్బా ఏ కాలంలోనూ పనికిరాదు. బయట రెండు గంటలు, 32 డిగ్రీలు దాటితే గంట, అంతే. పారేసిన రెండింట్లో ఒకటి అలా పోయిందే. రెండోది నా తొందర: పూర్తిగా చల్లారక ముందే క్రీము పూసి మూత బిగించాను, మూడో రోజుకు బూజు.

డబ్బా లోపాలకు వస్తే, పద్నాలుగో నెలలో ఒక కొక్కెం విరిగింది. దుకాణంలో మార్చనన్నారు. ఆ సందులోంచి ఎర్ర చీమలు దూరాయి. నీళ్ళ పళ్ళెంలో పెడితే సరిపోతుందనుకున్నాను, కానీ మీద కప్పిన తువ్వాలు కొస గోడకు తగిలి వాటికి వంతెన అయింది. అడుగు మరీ నున్నన, ప్రయాణంలో కేకు జారుతుంది. కేకు పెట్టిన అట్ట కింద ఒక చెంచా క్రీము అద్దితే కదలదు.

నా లెక్కలో అయిదుకు మూడు. కార్తీకం వెళ్ళాక శివరాత్రి దాకా, గదిలో వేడి 27 డిగ్రీలు దాటని రోజుల్లో, బటర్ క్రీము కేకుకు రెండు రోజులు నిశ్చింత. మిగిలిన నెలల్లో అందులో సగ్గుబియ్యం వడియాలు పోసి పెడుతున్నాను. అవి ఒక్కటి కూడా మెత్తబడలేదు.